ఇంట్లో ఆడ లాబ్రడార్ ఉంది. రెండో కుక్క మగదా, ఆడదా?

బ్రౌనీ_ఇల్లు (మియాపూర్)

అందరికీ నమస్కారం. చాన్నాళ్ళుగా ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. మాది మియాపూర్ దగ్గర అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. బ్రౌనీ అని నాలుగేళ్ళ ఆడ లాబ్ ఉంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించలేదు. మొన్న సంక్రాంతి ముందే హీట్ (ఎద) అయిపోయింది. మనుషులంటే దానికి ప్రాణం. కుక్కల సంగతి మాత్రం ఎదుటి కుక్కను బట్టి ఉంటుంది. కింది అంతస్తు వాళ్ళ మగ గోల్డెన్ రిట్రీవర్‌తో పొద్దున్నే పరుగులు పెడుతుంది. ఎదురు బ్లాక్ ఆడ పగ్ కనబడితే మెడ మీద బొచ్చు లేస్తుంది.

ఇంకో కుక్కను తెచ్చుకుందామని ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు, అదే పెద్ద విశేషం. ఏది అన్న దగ్గర నలుగురం నాలుగు దిక్కులు.

మా వారి ఆఫీసు ఫ్రెండ్ ఇంట్లో బీగిల్ ఈనింది, మగపిల్లను ఇస్తానంటున్నాడు. ఆడదానికీ ఆడదానికీ పడదు, మగదే తెద్దాం అని ఈయన పట్టు. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. సెల్లార్‌లో వీధికుక్క పెట్టిన పిల్లల్లో ఒకటే ఆడపిల్ల మిగిలింది, రెండు నెలలు ఉంటాయేమో. దానికి రోజూ పెరుగన్నం పెట్టి మచ్చిక చేసేసింది, అదే కావాలంటుంది. అత్తయ్య గారు ఇంకో ఆడకుక్క వద్దే వద్దంటారు. బ్రౌనీ హీట్‌కి వచ్చినప్పుడల్లా పూజగది దగ్గర ఆవిడకు టెన్షన్. ఆ మూడు వారాలూ ఇంట్లో మడి గొడవే.

ఎవరు మాప్ పెడతారో వాళ్ళ మాట చెల్లాలని నా అభిప్రాయం. అంటే నా మాట. కానీ నాకే తేలడం లేదు. రెండు కుక్కలున్నవాళ్ళు చెప్పండి.

కాకినాడ_కాజా (కాకినాడ)

మగదే తెచ్చుకోండి, రెండో ఆలోచన వద్దు. రెండు ఆడకుక్కలంటే తోడికోడళ్ళ కాపురం. ఆడ లాబ్ ఉన్న ఇంట్లోకి మగపిల్ల వస్తే పెద్దావిడ అదిలించి దారిలో పెట్టుకుంటుంది. మా తోడల్లుడి ఇంట్లో ఇదే జత, ఇంతవరకు ఒకదాన్నొకటి గట్టిగా అరిచింది లేదు.

బీగిల్ గురించి మాత్రం ఒక ముక్క. అది ముక్కుతో బతికే కుక్క. డబ్బా మూతలు లాగడం, చెత్తబుట్ట తిరగేయడం, ఒంటరిగా వదిలితే ఊళ పెట్టడం, అన్నీ దాంతోపాటే వస్తాయి. పక్క ఫ్లాట్ వాళ్ళు ఎలాంటివాళ్ళో ముందు చూసుకోండి.

ఉక్కునగరం_అక్క (విశాఖపట్నం)

అమ్మాయి మాటకు తలూపే ముందు మా ఇంటి సంగతి వినండి. మాకు రెండూ ఆడవే. పెద్దది జర్మన్ షెపర్డ్. చిన్నది నాటుది, కళ్ళు తెరిచిన కొన్నాళ్ళకే వచ్చింది. మొదట్లో రెండూ ఒకే గోనెసంచి మీద పడుకునేవి. చిన్నదానికి రెండేళ్ళు వచ్చేసరికి లెక్క మారింది. పెద్దది గుమ్మానికి అడ్డంగా పడుకుంటే ఇంతకుముందు చిన్నది పక్కనుంచి ఒదిగి వెళ్ళేది. అప్పటినుంచి నిలబడి చూడటం మొదలుపెట్టింది. అరుపు లేదు, గుర్రు లేదు. తోక కదలకుండా ఊరికే చూపు. మేమేమో రెండూ ఎంత బుద్ధిగా ఉన్నాయో అనుకుంటున్నాం. ఒకరోజు మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి గేటు తీశారు. రెండూ ఒకేసారి ఎదురెళ్ళాయి, గేటు దగ్గరే పట్టుకున్నాయి.

మా వీధిలో మగకుక్కలు కొట్టుకుంటే చప్పుడు ఎక్కువ, గాయం తక్కువ. ఇవి పట్టుకుంటే వదలవు. పెద్దదాని చెవి చీలి కుట్లు పడ్డాయి.

ఇప్పుడు ఒకటి హాల్లో ఉంటే ఇంకోటి పెరట్లో. తలుపు తీసే ముందు "అది కట్టేసుందా?" అని కేకేయడం ఇంటిల్లిపాదికీ అలవాటైపోయింది. చుట్టాలొస్తే మరీ అవస్థ. విడివిడిగా చూస్తే రెండూ ఎంత మంచివో. మీ బ్రౌనీ ఆడ పగ్‌ని చూసి ఇప్పుడే బొచ్చు లేపుతోందంటున్నారు. అది చిన్న విషయం కాదు.

కాజా గారూ, తోడికోడళ్ళ మాట అవసరమా? మా తోడికోడలు, నేను ఒకే వంటింట్లో సుఖంగానే ఉన్నాం.

కాకినాడ_కాజా

మాట వెనక్కి తీసుకున్నాను అక్కా. మా ఆవిడ కూడా పక్కనుంచి చదివేసింది, ఇంట్లో ఇంకో రౌండ్ అయింది.

వాడకట్టు_వరంగల్ (హనుమకొండ)

మగకుక్క అంటే పనేం ఉండదు, హీట్ గోల లేదు అనుకునేవాళ్ళకు ఒక మాట. చిత్తకార్తె వచ్చిందంటే మా వాడకట్టు మగకుక్కలేవీ ఇంటి పట్టున ఉండవు. అక్టోబర్ రెండో వారం నుంచి అదే తంతు. నాటు ఆడకుక్కలు ఎక్కువగా ఏడాదికి ఒక్కసారి, ఆ వానలు వెనక్కి తగ్గే రోజుల్లోనే ఎదకొస్తాయి. లాబ్, పమేరియన్ లాంటివి ఆరేడు నెలలకోసారి, కాలంతో పని లేదు. మీ సెల్లార్ పిల్ల డిసెంబర్‌లో పుట్టి ఉంటుంది, అవునా? లెక్క సరిపోతుంది.

మా దగ్గర మగ నాటుకుక్క ఉండేది, ఆపరేషన్ లేదు. మనిషి ఎత్తు ప్రహరీ దూకి పోయేది. తిండి మానేసి ఎక్కడో వేరే బస్తీలో కొట్లాటలు. ఒకసారి తొడ చీరుకుని వస్తే గాయంలో పురుగులు పడ్డాయి. అప్పుడు ఆపరేషన్ చేయించినం. తిరగడం పూర్తిగా మానలేదు కానీ చానా తగ్గింది. మగదైనా ఆడదైనా ఆపరేషన్ లేకుంటే ఇంట్లో ఉన్నట్టే ఉండదు.

ఇంకోటి. ఆ పిల్ల ఆడదే అని సరిగా చూసిండ్రా? చిన్నప్పుడు చానా మంది తప్పు చెప్తారు. వెల్లకిలా తిప్పండి. మగపిల్లకు బొడ్డు మచ్చకు కాస్త కింద, కడుపు మధ్యలోనే ఇంకో చిన్న మొన ఉంటుంది. ఆడపిల్లకు కడుపు మీద బొడ్డు తప్ప ఇంకేం ఉండదు, ఉన్నదంతా తోక కిందనే.

గన్నవరం_వెట్ (కృష్ణా జిల్లా)

నేను పశువైద్యుడిని, ఎక్కువగా పెంపుడు కుక్కలే చూస్తాను. వీలైనంత పొడిగా చెప్తాను.

ఉక్కునగరం మేడమ్ చెప్పింది అరుదైన కేసు కాదు. అమెరికాలో టఫ్ట్స్ యూనివర్సిటీ వెటర్నరీ వాళ్ళు ఒకే ఇంట్లో ఉంటూ కొట్టుకునే 38 జతల కుక్కల వివరాలు 2011లో ప్రచురించారు. వాటిలో 30 జతలు మగ-మగ లేదా ఆడ-ఆడ. ఆడకుక్క ప్రమేయం ఉన్నవి మూడింట రెండు వంతులు. గొడవ మొదలుపెట్టేది చాలావరకు తర్వాత వచ్చినదే, వయసులో చిన్నదే. కారణాలు మన ఇళ్ళలో చూసేవే. యజమాని దగ్గర ఎవరుండాలి, తిండి, బయటినుంచి మనిషి వచ్చినప్పటి హడావుడి. ఆ గేటు దగ్గర జరిగింది అచ్చంగా అదే.

అయితే అవన్నీ గొడవపడి డాక్టర్ దాకా వెళ్ళిన కుక్కల లెక్కలు. హాయిగా కలిసి ఉన్న ఆడకుక్కలు ఆ లెక్కలోకి రావు. నా దగ్గరికి టీకాలకు వచ్చే ఇళ్ళలో రెండాడకుక్కలు సుఖంగా ఉన్నవి చాలానే ఉన్నాయి. కాబట్టి "ఆడ-ఆడ పడదు" అని శాసనం ఏమీ లేదు. ఎదురు లింగం జత కొంత భద్రమైన పందెం, అంతవరకే.

మీ ఇంట్లో అసలు చిక్కు బ్రౌనీకి ఆపరేషన్ కాకపోవడం. దాన్ని అలాగే ఉంచి మగ బీగిల్‌ని తెస్తే ఏమవుతుందో చూడండి. మగపిల్ల ఆరేడు నెలలకే పిల్లల్ని పుట్టించగలదు. చిన్నది, లాబ్ ఎత్తు అందదులే అనుకోవద్దు. ఆడది ఒప్పుకుంటే కూర్చుని మరీ సాయం చేస్తుంది, మెట్టు దొరికితే ఆ సాయం కూడా అక్కర్లేదు. హీట్ మొత్తం మూడు వారాలు. మొదటి వారం, పది రోజులు రక్తం కనబడుతుంది, అప్పుడు మగదాన్ని దగ్గరికి రానివ్వదు. రక్తం పలచబడి గులాబీ రంగుకి వచ్చాక అసలు రోజులు మొదలవుతాయి. ఇళ్ళలో సరిగ్గా అప్పుడే "హమ్మయ్య, అయిపోయింది" అని కట్లు విప్పుతారు. ఆ తర్వాత 63 రోజులకు నాకు ఫోన్ వస్తుంది. ఒక్క మాట. రెండూ ముడిపడి ఉన్నప్పుడు నీళ్ళు కొట్టడం, లాగడం చేయకండి, రెండింటికీ లోపల గాయాలవుతాయి. పదీ ఇరవై నిమిషాలు, ఒక్కోసారి అరగంటకు వాటంతటవే విడిపోతాయి.

బ్రౌనీని అలాగే ఉంచి ఆడపిల్లను తెస్తే గర్భం బెడద ఉండదు, బదులుగా హార్మోన్ల తగువు ఉంటుంది. హీట్ అయిన నెలన్నర, రెండు నెలలకు కొన్ని ఆడకుక్కలకు చూలు కట్టకపోయినా కట్టినట్టు లక్షణాలు వస్తాయి. పొదుగు దిగుతుంది, పాలు కూడా వస్తాయి. మంచం కింద చోటు చూసుకుని చెప్పులో, బొమ్మో పిల్లలా కాచుకుంటుంది. ఆ మంచం దగ్గరికి ఇంకో ఆడకుక్క వెళ్తే పళ్ళు చూపిస్తుంది. మీరు సంక్రాంతి ముందు హీట్ అన్నారు. అంటే రాబోయే నాలుగైదు వారాలే ఆ సమయం. ఈ రోజుల్లో కొత్త పిల్లను లోపలికి తేవడం ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేరు. కొన్ని తల్లిలా దగ్గరికి తీసుకుని పాలు కూడా ఇచ్చేస్తాయి. కొన్ని దగ్గరికే రానివ్వవు.

షామీర్‌పేట్_ఫామ్

ఇంత చర్చ ఎందుకు మేడమ్. బీగిల్ కాదు, మంచి మగ లాబ్ పిల్లను తెచ్చుకోండి. ఆపరేషన్ ఎవరికీ వద్దు. ఒక ఈతకు ఏడెనిమిది పిల్లలు, రెండు కుక్కల తిండి ఖర్చు మొత్తం వచ్చేస్తుంది.

మోడరేటర్

ఇక్కడ ఈ సలహాలు వద్దని ఇంతకుముందే చెప్పాం. పిల్లల్ని అమ్ముకోవడానికి కుక్కల్ని కట్టించేవాళ్ళు 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ అయి ఉండాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అపార్ట్‌మెంట్ బాల్కనీలో తొమ్మిది పిల్లలకు మలం ఎత్తుతూ, పార్వో అనే వాంతులు విరేచనాల జబ్బు వస్తే సెలైన్లు ఎక్కిస్తూ ఎంత మిగులుతుందో ఎవరైనా లెక్క రాసిపెట్టి ఉంటే అది చూపించండి, అప్పుడు మాట్లాడదాం.

ఎడిసన్_ఆంధ్ర (న్యూజెర్సీ)

మాకు ఇక్కడ ఆపరేషన్ అయిన ఆడ మిక్స్ (సంకరజాతి) ఒకటి, మగది ఒకటి. షెల్టర్లు చాలావరకు ఆపరేషన్ చేసే ఇస్తాయి కాబట్టి ఆ సగం చర్చ ఇక్కడ పుట్టదు. మేం రెండోదాన్ని తెచ్చేటప్పుడు మగదా ఆడదా అని వాళ్ళు అడగలేదు. మా కుక్కను వెంట తీసుకురమ్మని, రెండింటినీ ఖాళీ స్థలంలో నడిపించి చూశారు. మేం ఫొటో చూసి ముచ్చటపడ్డ కుక్కను మాది పట్టించుకోలేదు. పక్క బోనులోదాన్ని చూసి ముందుకాళ్ళు వంచి ఆటకు పిలిచింది. అదే ఇప్పుడు మా ఇంట్లో ఉంది.

ఆపరేషన్ అయ్యాక కూడా మా మగది చుట్టాలొచ్చినప్పుడు ఆడదాని మీదికి ఎక్కుతుంది. మా అమ్మ ఇండియా నుంచి వచ్చినప్పుడు తెగ ఇబ్బంది పడింది. అది ఎప్పుడూ కోరికే అవ్వాలని లేదు. ఉత్సాహం ఎక్కువైనా, టెన్షన్ ఎక్కువైనా కుక్కలు చేసే పనే, ఆడవీ చేస్తాయి. పేరు పెట్టి పిలిచి ఒక బిస్కెట్ ముక్క చూపిస్తే దిగిపోతుంది.

అలిపిరి_మెట్లు (తిరుపతి)

మీ అత్తయ్య గారికి ఒక మాట చెప్పండి. మడి కోసమే మగకుక్క కావాలంటే ఆవిడ అనుకున్నది జరగదు. మా మగ పమేరియన్ ఏడాది నిండకముందు నుంచీ కాలెత్తడం మొదలుపెట్టాడు. మొదట సోఫా మూల, తర్వాత గ్యాస్ సిలిండర్, ఆ తర్వాత సరాసరి తులసికోట. అమ్మ పొద్దున్నే ముగ్గు పెట్టి లోపలికి రావడం ఆలస్యం, వీడు వెళ్ళి సంతకం పెట్టేవాడు. తులసికోట చుట్టూ ఇటుకలు పేర్చాం, ఇటుకల మీద పోశాడు. అమ్మ వాడితో మాట్లాడటం మానేసింది, అన్నం మాత్రం పెట్టేది.

ఆపరేషన్ తర్వాత చాలా తగ్గింది. బాగా అలవాటు పడ్డాక చేయించాం కాబట్టి కొత్త ఫర్నిచర్ వస్తే ఇప్పటికీ ఒకసారి చూసొస్తాడు. ఇల్లంతా వెనిగర్ వాసన తప్ప ఫినాయిల్ వాసన ఉండదు. ఉత్త ఫినాయిల్‌తో కడిగిన చోటికే మళ్ళీ వెళ్తున్నాడని గమనించాక మార్చాం. ఇంట్లో ఇంకో మగకుక్క ఉంటే ఒకటి పోసిన చోట రెండోది పోస్తుంది, అది తెగదు.

ఆపరేషన్ అయిన ఆడకుక్కకు రక్తమూ ఉండదు, ఈ సంతకాలూ దాదాపు ఉండవు. పూజగది లెక్కన చూస్తే అదే నయం.

బ్రౌనీ_ఇల్లు

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. వరంగల్ అన్నా, వెల్లకిలా తిప్పి చూశాం, ఆడదే. తులసికోట కథ అత్తయ్య గారికి చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అయితే దీనికి ఆపరేషన్ చేస్తే ఇక ఆ మూడు వారాలు ఉండవా?" అని అడిగారు. ఉండవన్నాను. "ఈ మాట నాలుగేళ్ళ కిందట ఎవరూ చెప్పలేదేం" అని నా వైపే చూశారు.

డాక్టర్ గారూ, మూడు ప్రశ్నలు. ఆపరేషన్ ఎప్పుడు చేయించొచ్చు? లాబ్ కదా, తర్వాత లావైపోతుందంటారు, నిజమేనా? బీగిల్‌ని తెచ్చి దానికి మాత్రమే చేయించి బ్రౌనీని వదిలేస్తే? మగవాటికి చిన్న ఆపరేషన్ అని మా వారు అంటున్నారు.

ఇంకోటి, మా అసోసియేషన్ సెక్రటరీ గారు ఫ్లాట్‌కి ఒక కుక్కే అని తీర్మానం పెడతానంటున్నారు.

గన్నవరం_వెట్

ఇప్పుడే వద్దు. హీట్‌లోనూ, అది ముగిసిన కొత్తలోనూ గర్భసంచి దగ్గర రక్తనాళాలు ఉబ్బి ఉంటాయి. పైగా ఆ ఉత్తుత్తి చూలు లక్షణాలు ఉండగా కోస్తే అవి తగ్గకుండా సాగే అవకాశం ఉంది. హీట్ అయిన రెండు మూడు నెలలకు, పొదుగు మామూలుగా ఉందని చూసుకుని చేయిస్తారు. మీ లెక్కన ఏప్రిల్. ఎండలు ముదరకముందే అయితే కుట్లకూ మంచిది. ముందు రక్తపరీక్ష చేయించండి. ప్రైవేట్‌లో ఖర్చు అనిపిస్తే రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది, నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది.

లావు సంగతి నిజమే. ఆపరేషన్ తర్వాత ఆకలి పెరుగుతుంది, ఖర్చయ్యే శక్తి తగ్గుతుంది. లాబ్‌కి అసలే కడుపు నిండటం అనేది తెలియదు. తిండిలో పావు వంతుకు మించకుండా తగ్గించి, నెలకోసారి తూకం చూడండి. నడుము పైనుంచి చూస్తే లోపలికి వంపు కనబడాలి. పెద్ద జాతి ఆడకుక్కల్లో కొన్నింటికి కొన్నేళ్ళ తర్వాత నిద్రలో మూత్రం కారడం రావచ్చు, దానికి మందులున్నాయి. వద్దని వదిలేస్తే వచ్చే బెడద ఇంకా పెద్దది. ఆపరేషన్ కాని ఆడకుక్కలకు వయసు మీరాక హీట్ అయిన కొన్ని వారాలకు గర్భసంచిలో చీము పడుతుంది. నీళ్ళు తెగ తాగడం, తిండి మానడం, వాంతులు. కొన్నిసార్లు చీము బయటికి కూడా రాదు, ఇంటివాళ్ళు ఎండదెబ్బ అనుకుంటారు. అప్పుడు అర్ధరాత్రి చేసే ఆపరేషన్, ఇప్పుడు తీరిగ్గా చేసే ఆపరేషన్ ఒకటి కావు.

మగదానికి మాత్రమే చేయిస్తే ఆ ఇంటి మగదాని నుంచి గర్భం రాదు. వృషణాలు తీశాక కూడా కొన్ని వారాలు ముందే నిల్వ ఉన్న వీర్యం ఉంటుంది, ఆ మధ్యలో హీట్ వస్తే జాగ్రత్త. మీ వారి మాట నిజమే, మగదానికి పని చిన్నది. కానీ రక్తం, చీము, లిఫ్ట్ దాకా వచ్చే వీధి మగకుక్కలు, ఇవన్నీ బ్రౌనీకి అలాగే ఉంటాయి.

మోడరేటర్

అసోసియేషన్ విషయం. పెంపుడు జంతువులు వద్దని మెజారిటీతో తీర్మానం చేసినా చెల్లదని భారత జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. మీ వైపు నుంచి రెండింటికీ మున్సిపల్ కార్పొరేషన్ రిజిస్ట్రేషన్, రేబిస్ టీకా కాగితాలు సిద్ధంగా పెట్టుకోండి. లిఫ్ట్‌లో లీష్ (పట్టుకునే తాడు), కింద మలం ఎత్తే కవర్. ఈ రెండూ కనబడితే సగం మంది సెక్రటరీలు చల్లబడతారు.

సికింద్రాబాద్_లీష్

నేను కుక్కలకు శిక్షణ ఇస్తాను. మగా ఆడా మీద ఇంత రాశారు, ఇంటికి ఎలా తేవాలో ఎవరూ రాయలేదు. చాలా జతలు చెడేది మొదటి పది నిమిషాల్లోనే. పిల్లను చంకనేసుకుని తలుపు తీస్తారు, పెద్దది ఎగిరి వాసన చూస్తుంటే "నో, నో" అని అరుస్తారు. పెద్దదానికి అర్థమయ్యేది ఒకటే, ఇది వస్తే నాకు తిట్లు.

సెల్లార్ పిల్ల కాబట్టి ముందు టీకా, నులిపురుగుల మందు, పేలు, పిడుజులు చూసుకోవడం. పార్వో, డిస్టెంపర్ లాంటి వైరస్ జబ్బులు లోపల ఉంటే బయటపడటానికి వారం, రెండు వారాలు పడుతుంది. అన్ని రోజులూ వేరుగా ఉంచండి. అప్పుడు మీ ఫ్లాట్‌లో కాదు, బ్రౌనీ తనది అనుకోని చోట కలపండి. ఇద్దరు మనుషులు, రెండు లీష్‌లు, ఒకే వైపు నడక. ముఖాముఖి తీసుకెళ్ళకండి. ఒకదాని వెనక ఇంకోటి వాసన చూసుకున్నాక పక్కపక్కన నడుస్తాయి. కొండాపూర్ డాగ్ పార్క్ మీకు దగ్గరే, కానీ మొదటి పరిచయానికి అక్కడికి వద్దు, అన్ని కుక్కల మధ్య ఏదీ తేలదు.

ఇంట్లో గిన్నెలు వేరు, తినే గదులు వేరు. నమలే ఎముకలు, బంతులు కొన్నాళ్ళు బీరువాలో. చిన్నది అతి చేసినప్పుడు బ్రౌనీ గుర్రుమంటే బ్రౌనీని తిట్టకండి. గుర్రు అంటే "చాలు" అని చెప్పడం, అది చెప్పనివ్వకపోతే తర్వాత చెప్పకుండానే కరుస్తుంది. ఆ పిల్ల ఆగి పక్కకు వెళ్ళిందా లేదా అన్నదే చూడండి. అలా వెళ్ళే పిల్ల అయితే ఆడదైనా నాకు భయం లేదు. మళ్ళీ మళ్ళీ ముఖం మీదికే వెళ్ళే పిల్ల అయితే మగదైనా ఆలోచిస్తాను.

ఒకే ఈతలో పుట్టిన రెండు పిల్లల్ని తెద్దామనుకునేవాళ్ళు ఇది చదువుతుంటే, దయచేసి వద్దు. అవి ఒకదాన్ని చూసి ఇంకోటి పెరుగుతాయి, మిమ్మల్ని చూసి కాదు.

ఉక్కునగరం_అక్క

లీష్ గారూ, ఇవన్నీ మేమూ పాటించాం. మా చిన్నది పిల్లగా ఉన్నప్పుడు బుద్ధిగా పక్కకు వెళ్ళేదే. రెండేళ్ళ దాకా ఏదీ తేలదు. అది కూడా రాయండి.

సికింద్రాబాద్_లీష్

నిజమే అక్కా. రెండూ ఆపరేషన్ కానివేనా?

ఉక్కునగరం_అక్క

పెద్దదానికి అయింది, చిన్నదానికి గొడవ తర్వాత అయింది. తేడా పెద్దగా లేదు.

గన్నవరం_వెట్

ఒకసారి రక్తం వచ్చేలా పట్టుకున్న ఆడకుక్కల మధ్య ఆపరేషన్ పెద్దగా మార్చదు, అది వాస్తవం. అందుకే ముందే చేయించమనేది. అప్పుడు కూడా ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు.

బ్రౌనీ_ఇల్లు

ఆదివారం కూర్చుని మాట్లాడుకున్నాం. బీగిల్ వద్దనుకున్నాం. మగదని కాదు. పగలంతా ఇంట్లో అత్తయ్య గారు ఒక్కరే ఉంటారు, ఊళలు పెట్టే కుక్క ఆవిడ నెత్తిన పడుతుంది. మా వారు కాస్త ముభావంగా ఉన్నారు కానీ వాళ్ళ ఫ్రెండ్‌కి ఫోన్ చేసి చెప్పేశారు.

సెల్లార్ పిల్ల వైపే మొగ్గాం, ఇక్కడ సగం మంది వద్దన్నా. కాకపోతే ఇప్పుడు కాదు. కింది అంతస్తు గోల్డెన్ వాళ్ళు ఏప్రిల్ దాకా పిల్లను ఉంచుకుంటామన్నారు. వాళ్ళకు పెద్ద బాల్కనీ ఉంది, వేరుగా ఉంచుతారు. టీకాలు, మందులు మా ఖర్చు. ఈలోగా టీకాలు పడ్డాక బ్రౌనీతో కింద నడకలు. బ్రౌనీ ఆపరేషన్ అయి, కుట్లు మానాక ఇంటికి. పిల్లకు ఆరు నెలలు రాగానే, మొదటి హీట్ రాకముందే ఆపరేషన్. ఏప్రిల్ దాకా నడకల్లో బ్రౌనీ బొచ్చు లేపుతూనే ఉంటే పిల్ల గోల్డెన్ వాళ్ళ దగ్గరే ఉండిపోతుంది. అందుకు మా అమ్మాయి ఒప్పుకుంది, వాళ్ళ అబ్బాయి అయితే ఎగిరి గంతేశాడు.

ఉక్కునగరం_అక్క

నేనైతే మగదే తెచ్చేదాన్ని. కానీ వెనక్కి ఇచ్చే దారి ఒకటి పెట్టుకున్నారు, మాకు అది లేకపోయింది. హాల్‌కీ బెడ్‌రూమ్‌కీ మధ్య ఒక గ్రిల్ గేటు ఇప్పుడే పెట్టించేయండి. అవసరం రాకపోతే బట్టలు ఆరేసుకోవచ్చు.

గన్నవరం_వెట్

పిల్లకు మల పరీక్ష కూడా చేయించండి, సెల్లార్ పిల్లలకు ఒక డోసు నులిపురుగుల మందుతో సరిపోదు. గోల్డెన్‌కి టీకాలు తాజాగా ఉన్నాయో లేదో ఈ రోజే అడగండి. దానికి ఆపరేషన్ అయిందా?

బ్రౌనీ_ఇల్లు

టీకాలున్నాయి డాక్టర్ గారూ. ఆపరేషన్ కాలేదు. వాళ్ళకు కూడా ఈ చర్చ లింక్ పంపాను.

వాడకట్టు_వరంగల్

అంతా బాగానే ఉంది గానీ తల్లికుక్క సంగతేంది? వచ్చే చిత్తకార్తెకు మళ్ళీ కడుపొస్తది, డిసెంబర్‌లో అదే సెల్లార్‌లో ఇంకో ఐదారు పిల్లలు. మున్సిపల్ కార్పొరేషన్ వాళ్ళకు ఫిర్యాదు పెట్టండి, పట్టుకుపోయి ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి మళ్ళీ అక్కడే వదలాలి. వీధికుక్కల మీద 2023 నాటి కేంద్ర నిబంధనల్లో అట్లనే ఉంది. వేరే చోట వదిలేయమని సెక్రటరీ అంటే ఒప్పుకోకండి.

బ్రౌనీ_ఇల్లు

నిన్ననే పెట్టాం అన్నా. వాచ్‌మన్ చేతి అన్నం తింటుంది కాబట్టి పట్టుకోవడం కష్టం కాదంటున్నారు. వాళ్ళు వచ్చే రోజు పొద్దున దానికి అన్నం పెట్టొద్దని వాచ్‌మన్‌కి చెప్పాను, ఆపరేషన్‌కి ఖాళీ కడుపు కావాలి కదా. పిల్ల పాలు మరిచినట్టే ఉంది, అయినా ఇంకెన్ని రోజులు తల్లి దగ్గర ఉంచాలో డాక్టర్ గారు చెప్తే దాన్ని బట్టి వాళ్ళకు తేదీ చెప్తాను.